కంచెలో నిలబడ్డ మరూలా

జయంతి చేతిరాత ఆ తోట నిండా వేలాడుతూ ఉండేది. మామిడికి, లిచీకి, నోరు తిరగని దీవుల నుంచి వచ్చిన పళ్లచెట్లకు, సన్నటి అల్యూమినియం రేకుల మీద ఇనుప మొనతో ఆమె నొక్కి రాసిన పేర్లు సముద్రపు గాలికి ఊగేవి. ఎండలో దూరం నుంచి చూస్తే చెట్లన్నీ లోలాకులు పెట్టుకుని ఎవరి పెళ్లికో బయల్దేరినట్టుండేది. అయితే ఆ పేర్లేవీ ఆమె నిర్ణయించినవి కావు. ఎవరో నిర్ణయించి కాగితం మీద ఇస్తారు. ఆమె రేకు మీదికి దించుతుంది. ఉద్యోగం పేరు లేబుల్ క్లర్కు.

మయామికి ముప్ఫై మైళ్లు దక్షిణంగా ఉన్న పళ్లచెట్ల పరిశోధనా క్షేత్రం అది. నేలంతా సున్నపురాయి. గునపం వేస్తే మట్టి లేవదు, చప్పుడు లేస్తుంది. పార్వతీపురం దగ్గర పల్లెలో పుట్టి, వాల్తేరులో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదివి, డాక్టరైన భర్త రాధాకృష్ణ వెంట అక్కడికి వచ్చిన జయంతి, మూడేళ్లు ఇంట్లో కూర్చుని కర్టెన్ల మీది పువ్వులు ఏ కుటుంబానివో ఆలోచిస్తూ గడిపింది. 1978లో ఆ క్షేత్రంలో చేరింది. ఇంటర్వ్యూలో ఆమె డిగ్రీ కాగితాలన్నీ తిప్పి చూసిన అధికారి డోయల్‌కు అందులో నచ్చింది ఆమె సంతకం. "రాత బావుంది," అన్నాడు. అంతే.

క్షేత్రం చివర పంతొమ్మిదో వరస అని ఒకటుండేది. 1971లో ఆఫ్రికా నుంచి వచ్చిన గింజలు వేసిన వరస. 1977 జనవరిలో ఒక తెల్లవారుజామున మయామి మీద మంచు రాలినప్పుడు ఆ వరసలో సగం చెట్లు చచ్చిపోయాయి. అదే ఏడు రికార్డుల గది కప్పు కారి, వాటి రిజిస్టరు తడిసి అట్టలా బిగుసుకుపోయింది. మిగిలినవి పదకొండు చెట్లు. పేర్లు లేవు. పేరు లేని చెట్టుకు ఆ క్షేత్రంలో నీళ్లు కూడా ఆలోచించే పెట్టేవారు.

1980 ఆగస్టులో డోయల్ ఆ వరస పీకించి ఆవకాడో వేయిస్తానన్నాడు. జయంతి ఆయన గదిలోకి వెళ్లి, పిలవకుండా వెళ్లడం అదే మొదటిసారి, ఆ పదకొండూ ఏమిటో తను చెబుతానంది.

డోయల్ పంటిపుల్ల ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పాడు. "చెబితే నాకేమిటి జే?" అక్కడ అందరికీ జయంతి జేనే.

"మీకు చెట్లు మిగులుతాయి. నన్ను బోటనిస్టుగా తీసుకోండి."

"పదకొండుకి పదకొండు చెప్పు. పది చెబితే అక్కర్లేదు. ముందు ప్రొబేషన్ మీద తీసుకుంటా. పై ఆఫీసు వాళ్లు రివ్యూకి వచ్చి ఒప్పుకుంటే పర్మనెంటు."

అట్లా మొదలైంది. మధ్యాహ్నం భోజనం డబ్బా చేత్తో పట్టుకుని ఆమె ఆ వరసలో తిరిగేది. మొదటి చెట్టు చిగురు తుంచి నోట్లో వేసుకుంటే పులుపు చెవుల్లోకి పాకింది. చింత. ఆమెకు తెలియకుండానే నవ్వొచ్చింది. పక్కవి రెండు రేగుచెట్లు. ఇంకోటి నేరేడుకు దూరపు చుట్టం. ఆఫ్రికా నుంచి వచ్చిన గింజల్లో తన ఊరి పొలిమేర మొలిచినట్టుగా ఉంది. పుస్తకాలు తిరగేసి, పువ్వులు కోసి, లెన్సు కింద పెట్టి, అక్టోబరు నాటికి పది తేల్చింది.

పదకొండోదానికి పుస్తకం తెరవలేదు. తెరవవలసిన అవసరం కనపడలేదు. బూడిదరంగు బెరడు, లావాటి కొమ్మలు, ఆ కొమ్మల చివర్లలో మాత్రమే గుత్తులుగా, ఈనెకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు. గుంపెన. ఊళ్లో వాళ్ల దొడ్డి చుట్టూ కంచె అంతా గుంపెన రాటలే. ఎండాకాలం చివర కొమ్మ నరికి పాతితే, వానలకు ఆ రాటే చెట్టవుతుంది. చిన్నప్పుడు ఆ చిగుళ్లు మేకలకు కోసి వేసిన చేతులవి. ఆ చేతులతో ఆ కొమ్మను పట్టుకోగానే ఆమెకు ఒళ్లు తేలికపడింది. ఎవరో ఇండియా గింజ ఒకటి ఈ పొట్లంలో కలిపి ఉంటారు, తొమ్మిదేళ్లుగా ఇది ఇక్కడ నా కోసమే పెరిగింది, అనుకుంది. పువ్వు రాలేదు, కాయ రాలేదు. గుంపెన కాయ ఎవరిక్కావాలి, తినేది కాదు కదా, అని రేకు మీద పేరు రాసింది. కింద 'ఇండియా' అని కూడా రాసింది.

"ఇది దేనికి పనికొస్తుంది?" అడిగాడు డోయల్.

"పండుకి కాదు. మా వైపు కంచె వేస్తారు. రాటలు పాతితే బతుకుతాయి. చెద పట్టదు, పుచ్చిపోదు."

డోయల్ మొదటిసారి ఆమె మాట పూర్తిగా విన్నాడు. దక్షిణపు హద్దు మీద కొయ్య రాటలు రెండేళ్లకోసారి పుచ్చిపోతున్నాయి. 1981 మార్చిలో, ఆకు రాల్చి చెట్టు బోడిగా ఉన్నప్పుడు, దాన్ని మొదలంటా కోశారు. ఎక్కడ కోయాలో, ఎంత పొడవు ఉండాలో, ఏ తల కిందికి పాతాలో జయంతే దగ్గరుండి చెప్పింది. యంత్రంతో రాయి తొలిచి పాతారు. పద్నాలుగు రాటలు. తీగ లాగి బిగించారు. ఆ వారమే ఆమెకు రెండేళ్ల ప్రొబేషన్ కాగితం వచ్చింది. ఆ రోజు సాయంత్రం పాయసం కూడా చేసింది.

జూన్ వానలకు పద్నాలుగూ చిగిర్చాయి. పనివాళ్లు కొయ్యకు ఆకులొచ్చాయని వింతగా చెప్పుకున్నారు. జయంతి కూడా వెళ్లి చూసింది. చిగుళ్లు తామ్రవర్ణంలో, తడిగా, అప్పుడే నిద్రలేచినట్టున్నాయి. ఒక ఆకు చేతిలోకి తీసుకుంది. అంచు రంపంలా పళ్లు పళ్లుగా ఉంది. గుంపెన ఆకుకు అంచు నున్నగా ఉంటుంది. ఒక్క నిమిషం అట్లాగే నిలబడింది. ఈ రాతినేలలో అట్లాగే వస్తుందేమోలే అనుకుని ఆకు వదిలేసింది.

ఆ ఒక్క నిమిషం తర్వాత ఆమెను చాలా ఏళ్లు పీడించింది. తెలియక చేసిన తప్పుకు ఒక మర్యాద ఉంటుంది. చూసి కూడా చూడనట్టు వదిలేసినదానికి అదీ ఉండదు.

1983 ఏప్రిల్‌లో బోట్స్వానా నుంచి నలెది అనే ఆవిడ మూడు నెలల శిక్షణకు వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి, పొడుగరి, మెల్లగా మాట్లాడుతుంది. పెద్దవాళ్లను మ్మా అని పిలవడం వాళ్ల మర్యాద. జయంతి ఆవిడకు క్షేత్రమంతా చూపిస్తూ చివరికి దక్షిణపు హద్దుకు తీసుకొచ్చింది. రాటలకు అప్పటికి గొడుగుల్లాంటి తలలు వచ్చాయి.

నలెది మాట్లాడుతున్నది మధ్యలో ఆపేసింది. ఒక రాట దగ్గరికెళ్లి బెరడు మీద చెయ్యి వేసింది.

"మ్మా, మరూలాతో కంచె ఎవరు వేశారు?"

"మరూలా కాదు. గుంపెన. మా దేశపు చెట్టు. నేనే గుర్తుపట్టాను."

నలెది ఎదురు చెప్పలేదు. వంటింట్లో ఉప్పు డబ్బా చూపించినంత మామూలుగా చూపించడం మొదలుపెట్టింది. "ఇక్కడ బెరడు చూడండి. నాణేల్లా బిళ్లలు బిళ్లలుగా రాలుతుంది. రాలినచోట గుంట పడుతుంది. మీ బొటనవేలు పెట్టండి. పట్టిందా?"

పట్టింది. కొలిచి చేసినట్టు పట్టింది.

"గుంపెనకూ బెరడు ఊడుతుంది," అంది జయంతి.

"ఊడుతుందేమో. నాకా చెట్టు తెలియదు. దాని చిగురాకు అంచుకు ఇట్లా రంపపు పళ్లుంటాయా?"

జయంతి ఒక చిగురాకు అందుకుంది.

"మరూలా ఆకుకు చిన్నప్పుడే ఈ రంపపు పళ్లు. పెద్దయ్యాక ఆకు అంచు నున్నబడుతుంది. నరికితే మళ్లీ చిన్నపిల్ల అయిపోయి మళ్లీ పళ్లు పెడుతుంది. చూడండి, కింద కొత్త కొమ్మకు ఉన్నాయి, పైన పాతదానికి లేవు." నలెది నవ్వింది. "మా అమ్మమ్మ దీని కాయలు ఒక్కటీ కోయనిచ్చేది కాదు. పచ్చగా ఉండగానే రాలతాయి, నేల మీద పడ్డాకే పసుపు తిరుగుతాయి. చెట్టు కింద వాసన ఎట్లా ఉంటుందంటే, ఇంట్లో ఎవరో సారా కాచి దాచారా అనిపిస్తుంది. పులుపు, తీపి, మళ్లీ పులుపు. గింజ రాయిలా ఉంటుంది గానీ దానికి రెండో మూడో బుల్లి మూతలుంటాయి. అమ్మమ్మ సూదితో మూత లేపి పప్పు తీసేది. నేను పక్కన నోరు తెరుచుకుని కూర్చునేదాన్ని."

జయంతి జేబులోంచి లెన్సు తీసింది. గుంపెన చిగురు మీద నక్షత్రాల ఆకారంలో సన్నటి నూగు ఉంటుంది. అది ఆమెకు పరీక్షలో వచ్చిన ప్రశ్న. ఆకు తిప్పి చూసింది, కాడ చూసింది, ఇంకో రాట దగ్గరికెళ్లి చూసింది. నక్షత్రాలు లేవు. ఎక్కడా ఒక్కటి లేదు.

"కాయలు కాసిందా నరకకముందు?" అంది నలెది.

"లేదు."

"అయితే ఆడదో మగదో తెలియదన్నమాట. దీంట్లో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ఆడదానికే కాయ." ఆవిడ కంచె పొడవునా చూసింది. "ఒకే చెట్టు కొమ్మలైతే పద్నాలుగూ ఒకటే. అన్నీ ఆడవో, అన్నీ మగవో."

రివ్యూకు ఇంకా మూడు వారాలుంది.

ఆ ఆదివారం ఊళ్లో తెలిసిన శారదగారింట్లో భోజనానికి వెళుతూ కార్‌లో జయంతి విషయమంతా భర్తకు చెప్పింది. రాధాకృష్ణ స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నాడు.

"ఇప్పుడేం చేద్దామని?"

"రివ్యూలో చెప్పేస్తాను."

"ఆర్ యూ సీరియస్? ప్రొబేషన్ అయ్యే టైమ్‌లో? కన్ఫర్మ్ చేశాక మెల్లగా కరెక్ట్ చేసుకోవచ్చు కదా జయా."

"పేషెంట్ డయాగ్నోసిస్ తప్పని తెలిస్తే మీరు మెల్లగా కరెక్ట్ చేసుకుంటారా?"

"పేషెంట్ అయితే చేసుకోను. కంచె అయితే చేసుకుంటాను."

"అది కంచె కాదండీ."

"నాలుగడుగుల ఎత్తున లైనుగా నిలబెట్టి తీగ కట్టినదాన్ని మా తెనాల్లో కంచె అనే అంటారు. మీ వైపు వేరే పేరుందేమో నాకు తెలీదు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. రోడ్డు పక్క కాలువలో తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఆయన మాట తప్పు కాదు. అదే ఆమెకు మండింది. నవ్వొచ్చే మాట కావడం ఇంకా మండింది.

మర్నాడు డోయల్‌తో చెప్పింది. ఆయన కోప్పడతాడనుకుంది. తిడితే బావుండుననుకుంది కూడా.

"కంచె బాగానే నిలబడింది కదా?" అన్నాడు ఆయన.

"నిలబడింది. కానీ పేరు తప్పు. అమెరికాలో ఈ చెట్టు ఎక్కడో గాని లేదు. మనకున్న ఒక్కదాన్నీ నేను రాటలుగా కొట్టించాను."

"నువ్వు కొట్టించలేదు, నేను కొట్టించాను. రివ్యూలో నోరు మెదపకు జే. పదకొండుకి పదకొండని పైకి రాసేశాను."

రివ్యూకు వచ్చిన పెద్దమనిషి పంతొమ్మిదో వరసలో పది నిమిషాలు నడిచి, చింతాకు నమిలి, ముఖం చిట్లించి, అంతా బావుందన్నాడు. కంచె వైపు చూడనైనా లేదు. కాగితం మీద సంతకం పెట్టబోతుంటే జయంతి చెప్పేసింది. పదకొండోది గుంపెన కాదని, తనే పొరబడిందని, అది మరూలా అని.

ఆయన కలం మూత పెట్టాడు. "దాని పండు చూపిస్తావా?"

"ఇంకా పూయలేదండి."

"పువ్వూ లేదు, పండూ లేదు. అప్పుడొక పేరు చెప్పావు, ఇప్పుడొకటి చెబుతున్నావు. రెండిటికీ నీ మాటే సాక్ష్యం. ఏదో ఒకటి చూపించే దాకా ఈ కాగితం ఆగుతుంది."

ఆయన కారు వెళ్లిపోయాక డోయల్ పంటిపుల్ల ఉమ్మేశాడు. "నిన్నెవరడిగారు?" అన్నాడు. ఎవరూ అడగలేదు. నిజమే.

కాగితం మూడేళ్లు ఆగింది. ప్రతి వసంతంలోనూ జయంతి ఆ పద్నాలుగు తలల కింద మెడ వెనక్కి వాల్చి నిలబడేది. చిగురొచ్చేది. ఆకొచ్చేది. పువ్వు రాలేదు. పనివాళ్లు, "జామ్ ఎప్పుడు పెడతావు జే?" అని ఆటపట్టించేవారు. ఆమె మళ్లీ లేబుళ్లే రాసేది, ఇతరులు చెప్పిన పేర్లు. ఒక్కోసారి రేకు మీద మొన జారి వేలు గీసుకునేది. నలెది తిరిగి వెళ్లిపోయాక క్రిస్మస్‌కు ఒక కార్డు పంపింది. 'మీ కంచె పండిందా?' అని రాసింది. ఆప్యాయంగానే రాసింది. జయంతి ఆ కార్డు సొరుగులో బోర్లించి పెట్టింది.

ఇంట్లో చీటికీమాటికీ విసుక్కునేది. చారులో ఉప్పెక్కువైందని రాధాకృష్ణ అంటే, "పండు చూపించండి," అనేది. ఆయనకు మొదట నవ్వొచ్చేది. తర్వాత ఉప్పు సంగతి అనడం మానేశాడు.

1986 మార్చి చివరలో, ఆకులింకా రాకముందు, నాలుగో రాట కొమ్మ చివర ఎర్రటి మొగ్గలు కనిపించాయి. రెండ్రోజుల్లో పద్నాలుగింటికీ వచ్చాయి. జయంతి నిచ్చెన తానే మోసుకెళ్లింది. పైకెక్కి, మొగ్గను తాకకముందే ఆమెకు అర్థమైంది. ఆడపువ్వులైతే ఒకటీ రెండూ విడిగా నిలబడతాయి. ఇవి జూకాలలాగా గుత్తులు గుత్తులుగా కిందికి వేలాడుతున్నాయి. పద్నాలుగింటికీ అట్లాగే. తేనెటీగలు అప్పుడే పసిగట్టి వచ్చాయి. కంచె అంతా సన్నగా మోగుతోంది. ఆమె నిచ్చెన మీదే కాసేపు కూర్చుండిపోయింది. అంత అందమైన పూత ఆమె ఆ దేశంలో చూడలేదు. దాన్ని చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది.

అన్నీ మగవి. పండు ఎప్పటికీ రాదు.

ఒక గుత్తి కోసి తీసుకొచ్చి, పువ్వు విప్పి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, డోయల్‌ను పిలిచింది.

"కేసరాలు లెక్కపెట్టండి. ఎనిమిదుంటే గుంపెన, పన్నెండు దాటితే మరూలా. నేను లెక్కపెట్టను. మీరే పెట్టండి."

డోయల్ గొణుక్కుంటూ కన్ను ఆనించాడు. వేలితో బల్ల మీద కొడుతూ లెక్కపెట్టాడు. పదిహేడు దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి పెట్టాడు. "పదిహేడే," అన్నాడు. తర్వాత సూక్ష్మదర్శిని మీంచి కన్ను తీసి, "పండు కోసం మూడేళ్లు కాపలా కాయించాం నిన్ను," అన్నాడు. క్షమాపణ లాంటిది ఆయన నోటి నుంచి వచ్చింది అదొక్కటే.

నొక్కి ఆరబెట్టిన కొమ్మలు, మొక్కల నమూనాలు దాచే పెద్ద హెర్బేరియానికి పంపారు. జవాబు ఒక్క వాక్యం వచ్చింది. మరూలా, మగచెట్టు, సందేహం లేదు. మే నెల మొదటి సోమవారం ఆమెను బోటనిస్టుగా స్థిరపరిచిన కాగితం బల్ల మీదికి వచ్చింది. దాని కింద ఇంకో కాగితం ఉంది.

దక్షిణపు హద్దు మీద పద్నాలుగు రాటలూ తీసేసి ఇనుపవల కంచె వేయబోతున్నారు. కొత్త నిబంధన ప్రకారం ఏ చెట్టు తీసేయాలన్నా బోటనిస్టు సంతకం కావాలి. అదే 1981లో ఉండి ఉంటే, అని ఒక్క క్షణం అనుకుని, ఉన్నా అప్పుడు సంతకం పెట్టేది తనే కదా అనుకుంది. కాగితంలో గడులున్నాయి. చెట్టు పేరు. లింగం. పండు విలువ. సిఫార్సు.

పేరు గడిలో పూర్తి పేరు రాసింది. అంత జాగ్రత్తగా ఏ రేకు మీదా రాయలేదు. లింగం గడిలో మగ అని రాసింది. మూడో గడిలో రాయవలసిన మాట ఆమెకు తెలుసు. పళ్లచెట్ల క్షేత్రంలో ఆ మాట రాశాక నాలుగో గడి దానంతట అదే నిండుతుంది. కాగితం తీసుకుని డోయల్ గదికి వెళ్లింది.

"బోట్స్వానా నుంచి గింజలు తెప్పిద్దాం. ఒక్క ఆడచెట్టు మొలిస్తే చాలు. దీనికి అప్పుడు విలువ ఉంటుంది."

"పర్మిట్‌కి రెండేళ్లు. చెట్టు కాయడానికి పదేళ్లు. అదీ ఆడదైతే." డోయల్ క్యాలెండర్ చూశాడు. "కంచెవాళ్లు గురువారం వస్తున్నారు జే."

"ఒక్కటి ఉంచండి."

"పద్నాలుగింట్లో ఒకటి మిగిల్తే వాళ్ల వల వంకర పోతుంది."

"పోనివ్వండి. సిఫార్సు నేను రాయాలి కదా. ఒకటి ఉంచాలి అని రాస్తాను. కాదంటే సంతకం పెట్టను. అప్పుడు పద్నాలుగూ ఉంటాయి."

డోయల్ కుర్చీలో ముందుకు వంగాడు. సొరుగులోంచి ఎర్ర రిబ్బను చుట్ట తీసి బల్ల మీద దొర్లించాడు. "ఏదో ఒకదానికి కట్టు. బుధవారం లోపల."

బుధవారం మధ్యాహ్నం ఆమె రిబ్బను పట్టుకుని కంచె దగ్గరికెళ్లింది. పూత రాలిపోయి నేల ఎర్రబడి ఉంది. మొదటి రాట నిటారుగా ఉంది, దానికి కట్టబోయింది. రెండోదానికి తల బాగా విచ్చుకుంది. ఐదోదాని బెరడు మీద బిళ్లలు రాలిన గుంటలు వరసగా, ఎవరో వేలిముద్రలు వేసినట్టున్నాయి. దానికి కట్టి, విప్పేసింది. అన్నీ ఒకే చెట్టు, ఏది ఉంచినా అదే ఉంటుంది. ఆ సంగతి తెలిసీ, చివరి రాట దాకా నడిచి మళ్లీ వెనక్కి వచ్చింది. ఒకే చెట్టయినప్పుడు ఏదో ఒకదాన్ని ఎంచడం ఇంత కష్టమెందుకో ఆమెకు అంతుబట్టలేదు. రిబ్బను చెమటకు తడిసి వేళ్లకు రంగంటుకుంది.

ఆఖరికి మూలరాటకు కట్టింది. అది మంచి రాటేమీ కాదు, కొంచెం వంగింది కూడా. కానీ దాని కింద రాయి గట్టిది. పాతిననాడు యంత్రం పళ్లు రెండు విరిగాయి. ఎవరైనా పొరపాటున రిబ్బను చూడకపోయినా, అక్కడికొచ్చేసరికి అలసిపోయి ఉంటారని ఆమె ఆశ. ముడి మీద ముడి వేసింది. తర్వాత మిగతా పదమూడింటి వైపు చూడకుండా, కాగితం మీద సంతకం పెట్టడానికి లోపలికి వెళ్లింది.